పగలు కోర్టు, రాత్రి రంగస్థలం – మన బళ్ళారి రాఘవ గారు



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు కరువు భత్యం బకాయిల గురించి వ్రాద్దామా అని మొదట ఆలోచించాను. కరువు సీమలో పుట్టి, కరువు భత్యం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్ళమైన మనకు ఆ విషయం కొత్త గాదు. అందుకని ఈసారికి దానిని పక్కన పెట్టి, మన ప్రాంతంలో పుట్టి తెలుగు నాటకానికి గొప్ప పేరు తెచ్చి, తొలినాటి తెలుగు సినిమాలలో కూడా నటించిన ఒక మహనీయుని గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆయనే కీర్తిశేషులు బళ్ళారి రాఘవ గారు.

రాఘవ గారు వృత్తికి న్యాయవాది, ప్రవృత్తికి నటులు. "ఉద్యోగం చేసుకొనేవాడికి ఈ వేషాలెందుకు?" అనే మాట మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు పడినదే. ఆ మాటకు రాఘవ గారి జీవితం కంటె మంచి జవాబు నాకు కనబడలేదు. ఆ జవాబును నా పాతికేళ్ళ వయసులోనే నాకు చెప్పినవారున్నారు. నేను వినలేదు. ఆ సంగతి చివర మనవి చేసుకొంటాను.

పేరు బళ్ళారిది, పుట్టుక మనది

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880వ సంవత్సరం ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. పేరు ముందు బళ్ళారి ఉండుటచేత ఆయన వేరే రాష్ట్రం వారని నేటి పిల్లలు అనుకొంటున్నారు. వారికి ఒక సంగతి చెప్పాలి. రాఘవ గారు పుట్టేనాటికి అనంతపురం జిల్లా అనేదే లేదు. తాడిపత్రి, గుత్తి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర తాలూకాలన్నీ బళ్ళారి జిల్లాలోనివే. 1882లో బళ్ళారిని విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. మన కొత్తచెరువు కూడా ఆ పెనుకొండ తాలూకాలోనిదే గనుక, ఆ లెక్కన మన తాత ముత్తాతలు కూడా బళ్ళారి జిల్లా వాసులే. రెవిన్యూ శాఖలో పాత కట్టలు దులిపి దులిపి ముక్కుపొడుము అవసరం లేకుండానే తుమ్మినవాడిని గనుక ఈ హద్దులు మారిన తేదీలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చును.

రాఘవ గారి తండ్రి నరసింహాచార్యులు గారు బళ్ళారిలో తెలుగు పండితులు. అందుచేత రాఘవ గారి చదువు బళ్ళారిలో సాగినది. తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, 1905లో న్యాయశాస్త్రం ముగించుకొని బళ్ళారిలోనే ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసులలో దిట్ట అనిపించుకొని, ప్రభుత్వ న్యాయవాదిగా, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. పగలు సాక్షిని క్రాసు పరీక్ష చేసిన కంఠమే రాత్రి దీపాల వెలుగులో హిరణ్యకశిపుడై గర్జించేదన్నమాట.

మేనమామ దారి, మేనల్లుడి దారి

రాఘవ గారికి నాటకం పిచ్చి ఊరికే పట్టలేదు. వారి మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853–1912). ఇంటిపేరులోనే ఊరున్నది. మన కొత్తచెరువు స్టేషనులో రైలెక్కితే ధర్మవరం ఎంతసేపు గనుక! ఆచార్యులు గారు కూడా వకీలే. బళ్ళారిలో 'సరస వినోదిని' అనే సభను స్థాపించి, 'చిత్రనళీయము', 'ప్రహ్లాద', 'విషాద సారంగధర' వంటి నాటకాలు తామే రచించి, తామే ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని వారికి బిరుదు. నాటకమంటే మంగళాంతంగానే ఉండాలనే కాలంలో 'విషాద సారంగధర'ను దుఃఖాంతంగా ముగించడం సామాన్యమైన సాహసం గాదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానిని చెప్పుకొంటారు.

ఆ ఊళ్ళోనే మరొక వకీలు గారు, కోలాచలం శ్రీనివాసరావు గారు (1854–1919), 'సుమనోరమ' అనే పోటీ సభను నడిపారు. వీరు చరిత్రాత్మక నాటకాలకు పెట్టింది పేరు. విజయనగర సామ్రాజ్య పతనాన్ని గురించి వారు వ్రాసిన రామరాజు నాటకంలో రాఘవ గారు వేసిన పఠాను రుస్తుం పాత్ర తరతరాలు చెప్పుకొనేటంత పేరు పొందినది. వర్షం లేని ఊళ్ళో, ఇద్దరు వకీళ్ళు కోర్టు వదలగానే పోటాపోటీగా నాటకాలు ఆడించిన ఆ బళ్ళారిని తలచుకొంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పంటలు లేకపోయినా నాటకాలు పండినవి!

ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉన్నది. తెలుగు నాటకంలో రాగయుక్తంగా పద్యం పాడడం, పాటలు పెట్టడం అనే అలవాటును బలంగా నాటినవారిలో మేనమామ గారు మొదటి వరుసలోనివారు. ఆ విత్తనం తెలుగుదేశమంతా మొలిచి, కొన్నాళ్ళకు నాటకం పాటకచేరీగా మారినది. కృష్ణుడు రాయబారానికి వచ్చిన సంగతి మరచి రాగం తీసేవాడు. హరిశ్చంద్రుడు కాటిలో కొడుకు శవాన్ని పక్కన పెట్టుకొని, జనం "వన్స్ మోర్" అనగానే అదే పద్యం మళ్ళీ ఎత్తుకొనేవాడు. చచ్చినవాడు కూడా లేచి పాడి మళ్ళీ చచ్చేవాడని పెద్దలు హాస్యమాడేవారు.

మేనల్లుడు దీనికి ఎదురు తిరిగాడు. రాఘవ గారి పద్ధతిలో పద్యం భావం చెప్పడానికే గాని రాగం చూపడానికి గాదు. మాట పలుకు, కనుబొమ్మ కదలిక, నిలబడే తీరు, ఎదుటివాడు మాట్లాడుతుండగా తాను వినే తీరు – వీటన్నిటితో పాత్రను నిలబెట్టాలన్నది వారి పట్టుదల. షేక్స్పియరు నాటకాలను క్షుణ్ణంగా చదివి, బళ్ళారిలో షేక్స్పియరు క్లబ్బు పెట్టి, షైలాకు, ఒథెల్లో, హామ్లెట్ వంటి పాత్రలు ఇంగ్లీషులోనే ధరించారు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు – నాలుగు భాషలలో నటించారు. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కీచకుడు, చాణక్యుడు – ఏది వేసినా దానికి వేరే మనిషి అయ్యేవారని చూసినవారి మాట.

మా నాయన 1930లలో, మీసాలు వస్తున్న వయసులో, వేరుశనగ కాయల బస్తాలతో ఒక షావుకారు వెంట బళ్ళారికి పోయి రాఘవ గారి నాటకం ఒకటి చూసి వచ్చినాడట. నాటకం పేరు ఆయనకు గుర్తులేదు. ఒక్క విషయం మాత్రం చచ్చేవరకూ చెప్పేవాడు: "పద్యం అయినాక జనమంతా వన్స్ మోరని అరిచినారు రా. ఆయప్ప ఇట్లా తిరిగి గూడా చూడలే. అరిచినోళ్ళకే సిగ్గయి గమ్మునైపోయినారు."

స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలి

ఆ రోజులలో ఆడ వేషాలు మగవారే వేసేవారు. స్థానం నరసింహారావు గారి వంటి మహానటులు ఆ కళను శిఖరానికి తీసుకొనిపోయినారు. దానిని మెచ్చుకొంటూనే, స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని, అదీ చదువుకొన్న సంసార స్త్రీలు ముందుకు రావాలని రాఘవ గారు పట్టుబట్టారు. చెప్పి ఊరుకోలేదు. కొమ్మూరి పద్మావతీదేవి గారి వంటివారిని రంగస్థలం మీదికి తీసుకొనివచ్చి, వారితో కలిసి తాము నటించారు. ఆనాటి సంఘంలో ఆ తల్లులు పడిన మాటలు ఎన్నో మనం ఊహించవచ్చును. ఇంటిలో కూతురు ఉద్యోగానికి పోతానంటేనే పదిమందిని అడిగిన తరం మనది. ఇక నూరేళ్ళనాటి సంగతి చెప్పేదేమున్నది?

పి.వి. రాజమన్నారు గారు వ్రాసిన 'తప్పెవరిది' అనే సాంఘిక నాటకాన్ని రాఘవ గారే ప్రదర్శించి పేరు తెచ్చారు. కిరీటాలు, గదలు లేకుండా, మామూలు ఇంటిలో మామూలు భార్యాభర్తల మధ్య జరిగే కథ అది. ఈ రాజమన్నారు గారు కూడా వకీలే. 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినారు. మొత్తం మీద మన నాటకానికి నల్లకోటు వారు చేసిన సేవ చాలా పెద్దది.

1927లో గాంధీ మహాత్ముడు మైసూరు సంస్థానంలో విశ్రాంతి తీసుకొంటున్న రోజులలో రాఘవ గారి 'దీనబంధు కబీరు' హిందీ నాటకం చూసి ఎంతో సంతోషించారు. ఆ రోజులలోనే రాఘవ గారు ఇంగ్లండు ప్రయాణం చేసి, అక్కడి నాటకశాలలను పరిశీలించి, బెర్నార్డ్ షా వంటి వారిని కలిసి వచ్చారు. ఇంత పేరు వచ్చినా నటనను వారు బ్రతుకుతెరువు చేసుకోలేదు. ప్రదర్శనల మీద వచ్చిన సొమ్ము ధర్మకార్యాలకే ఎక్కువగా పోయినది. ఇంటి ఖర్చు వకీలు వృత్తి మీద గడిచినది.

తెర మీద మూడు చిత్రాలు

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ మొదలైనది. అప్పటికి రాఘవ గారికి ఏబదేళ్ళు దాటినవి. వారు నటించినవి మూడే చిత్రాలు.

మొదటిది 1936లో వచ్చిన 'ద్రౌపదీ మానసంరక్షణము'. దుర్యోధనుడు రాఘవ గారు, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు గారు. అదే సంవత్సరం, అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణము' అనే మరొక చిత్రం కూడా పోటీగా వచ్చినది. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ గారు, ద్రౌపది కన్నాంబ గారు. ఈ రెండవదే బాగా ఆడినది. రాఘవ గారి చిత్రం దెబ్బ తిన్నది. దీనికి కారణాలు పలువురు పలు విధాల చెప్తారు. నాకు తోచినది ఇది: ఆనాటి జనం టాకీకి పోయేది పద్యం, పాట వినడానికే. పద్యం దగ్గర ఆగి చప్పట్లకు ఎదురుచూడని నటుడికి తెర కొత్త, తెరకు ఆయన కొత్త.

రెండవది 1939లో వచ్చిన 'రైతుబిడ్డ'. దర్శకులు గూడవల్లి రామబ్రహ్మం గారు. అంతకు ముందు సంవత్సరమే 'మాలపిల్ల' తీసి సంచలనం కలిగించినవారు. 'రైతుబిడ్డ'లో రాఘవ గారు నర్సిరెడ్డి అనే రైతు. అప్పు, షావుకారు, కరణం, ఎన్నికలు, జమీందారు దౌర్జన్యం – ఇదీ కథ. టంగుటూరి సూర్యకుమారి గారు, కొసరాజు రాఘవయ్య చౌదరి గారు కూడా ఇందులో ఉన్నారు. జమీందార్లకు ఈ చిత్రం కంటగింపు అయినది. వారి ఒత్తిడి మీద కొన్ని చోట్ల ప్రదర్శనను నిషేధించారు. చమత్కారమేమంటే ఈ చిత్రానికి డబ్బు పెట్టినవారు కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా గారు!

ఎన్నో ఏళ్ళు కిరీటాలు పెట్టిన తల మీద అరవైయేళ్ళు వస్తుండగా రైతు తలపాగా చుట్టడం రాఘవ గారి జీవితంలో నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టం. సాంఘిక నాటకం రావాలని, మామూలు మనుషుల కథలు రావాలని రంగస్థలం మీద వారు కోరినదే ఈ చిత్రంలో తెర మీదికి వచ్చినది. అప్పు పత్రం ముందు కూర్చున్న రైతు ముఖం మన జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. నేను కార్యాలయంలో కూర్చుని తీరువా బకాయిల జాబితాలు వ్రాసిన కాలంలో, కౌంటరుకు అవతల నిలబడిన ముఖాలన్నీ అవే.

మూడవది 1940లో ఆర్. ఎస్. ప్రకాష్ గారి దర్శకత్వంలో వచ్చిన 'చండిక'. ముఖ్యపాత్ర కన్నాంబ గారిది. దానితో రాఘవ గారి సినిమా జీవితం ముగిసినది. తిరిగి కోర్టు, తిరిగి నాటకం. 1946 ఏప్రిల్ 16వ తేదీన వారు పరమపదించారు.

హద్దులు మారినా

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు మిగిలినవి. బళ్ళారి కోసం రెండు వైపులవారూ ఎంత వాదులాడుకొన్నారో మన పెద్దలకు తెలుసు. అయినా బళ్ళారి పట్టణం రాఘవ గారిని మరువలేదు. వారి పేర రాఘవ కళామందిరం అక్కడ ఉన్నది. తపాలా శాఖ వారు 1981లో వారి బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. 2022 ఏప్రిల్ నుండి మన కొత్తచెరువు, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినవి. తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే ఉండిపోయినది. ఇప్పుడు మేనమామ ఒక జిల్లా, మేనల్లుడు ఒక జిల్లా, వారు నాటకమాడిన ఊరు మరొక రాష్ట్రం!

నా సంగతి

ఇక మొదట చెప్పిన మాట. మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉన్నది. 1975లో ఉద్యోగుల నాటక పోటీలకు దుర్యోధన వేషం కోసం నేను కొన్న సామాను అందులోనిది. అప్పుడు నేను ఒక కార్యాలయంలో గుమాస్తాను. మూడు నెలలు రిహార్సల్సు చేసి, రెండు రోజుల సెలవు అడిగితే మా అధికారి కాగితం వెనక్కి విసిరి, "గుమాస్తా చేతికి గద ఎందుకయ్యా, ఫైలు చూసుకో" అన్నాడు. నలుగురిలో నవ్వులపాలైనాను. ఇంటికి వచ్చి పెట్టెను అటక ఎక్కించాను.

మా నాయన అంతా విని, "రాఘవ కోర్టుకు పోయి వాదించి వచ్చి రంగు పూసుకున్యాడు. నీదేమన్నా ఆయప్ప కంటే పెద్ద ఉద్యోగమా?" అని ఒక్క మాట అడిగినాడు. నేను జవాబు చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు ఆ అధికారిని తిట్టుకొంటూ గడిపాను. కానీ ఈ వయసులో అబద్ధం ఎందుకు? మరుసటి సంవత్సరమే ఆయన బదిలీ అయి పోయినాడు. వచ్చిన కొత్త అధికారి నాటకాల పిచ్చివాడు. తానే పిలిచి, "మీరు దుర్యోధనుడు బాగా వేస్తారటనే, ఈసారి పోటీలకు పోండి" అన్నాడు. నేనే ఏదో సాకు చెప్పి తప్పించుకొన్నాను. ఒకసారి నవ్వినవారు మళ్ళీ నవ్వుతారేమోనని భయం. నా గదను లాక్కొన్నది అధికారి అని ఇంటా బయటా చెప్పుకొన్నాను. దానిని కింద పెట్టినది నేను. మా నాయన 1991లో పోయేవరకూ ఈ మాట ఆయనతో ఒప్పుకోలేకపోయినాను.

2008లో పదవీ విరమణ చేసిన తరువాత రాఘవ గారి గురించి దొరికినదల్లా చదివాను. వారికి కూడా కోర్టులో కక్షిదారులు ఉన్నారు, వాయిదాలు ఉన్నాయి, సినిమా పోయినప్పుడు నవ్వినవారు ఉండి ఉంటారు. ఏబదియారేళ్ళ వయసులో మొదటి చిత్రం దెబ్బ తిన్నా, మూడేళ్ళ తరువాత తలపాగా చుట్టుకొని మళ్ళీ కెమెరా ముందు నిలబడ్డారు. నాకూ వారికీ తేడా ప్రతిభలో కొండంత ఉన్నది, అది దేవుడిచ్చినది. ఈ రెండవ తేడా మాత్రం నేను చేజేతులా చేసుకొన్నది.

మిత్రులారా, మనలో పాడేవారు, వేషాలు వేసినవారు, హార్మోనియం వాయించేవారు, పద్యాలు వ్రాసి బీరువాలో దాచినవారు ఎందరో ఉన్నారని నాకు తెలుసు. ఉద్యోగం పేరు చెప్పి దాచినది ఇప్పుడు బయటికి తీయడానికి మనకు సెలవు మంజూరు చేయవలసిన అధికారి ఎవరూ లేరు. రాఘవ గారి జయంతి ఆగస్టు 2వ తేదీన మన సంఘం తరఫున కొత్తచెరువులో ఒక చిన్న సాంఘిక నాటిక వేయాలని, అందులో మన ఇంటి ఆడపడుచులు కూడా పాల్గొనాలని కార్యవర్గం వారిని ఇందుమూలముగా కోరుచున్నాను.

మొన్న మనవడి చేత ఆ రేకు పెట్టె దింపించి చూశాను. అట్ట కిరీటాన్ని చెదలు తిన్నవి. మీసాలు ఎలుకలు కొట్టినవి. ఫరవాలేదు, సాంఘిక నాటికకు అవి రెండూ అక్కరలేదు. రంగుల డబ్బాలు ఎండిపోయినవి గాని అద్దం బాగానే ఉన్నది. ఏ చిన్న వేషం ఇచ్చినా నేను సిద్ధం.

– విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవిన్యూ శాఖ, కొత్తచెరువు